పులివెందుల గోదాములో తొమ్మిది నిమిషాల సినిమా

ఈమధ్య ఇద్దరు యువకులు మా ఇంటికి వచ్చారు. ఊళ్లో ఫిల్ము సొసైటీ పెడతారట. ప్రయోగాత్మక చిత్రాలు మామూలు జనానికి ఎలా అర్థం చేయించాలో చెప్పమని అడిగారు. "అర్థం చేయించకండి" అన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నాననుకున్నట్టున్నారు, కాఫీ తాగి మర్యాదగా సెలవు తీసుకున్నారు. వాళ్లకు చెప్పవలసింది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే పాత డైరీలు ముందేసుకుని ఇది రాస్తున్నాను. జీతాలు, బదిలీలు, ప్రమోషన్లు ఇందులో ఉండవు. ఒక్క సినిమా సంగతి, దాంతో నేను చేసిన ఒక్క తప్పు సంగతి ఉంటాయి.

మైకు పట్టుకున్న మనిషి

కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం నడుస్తున్న రోజుల్లో నేను సర్కారు ప్రచార వ్యానులో పనికి చేరాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నాకిచ్చిన తాలూకాలు. వ్యానులో ఒక చిన్న ప్రొజెక్టరు, మడత తెర, జనరేటరు, మైకు. డ్రైవరు దస్తగిరి. ఎరువులు, టీకాలు, ఆనకట్టల మీద తీసిన చిన్న సినిమాలను ఊరూరా తిప్పి చూపించాలి.

ఆ సినిమాల్లో మాటలు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండేవి. మా వాళ్లకు రెండూ ఒకటే. అందుకని నేను సౌండు తగ్గించి, మైకు పట్టుకుని, బొమ్మ కదిలిన కొద్దీ మా యాసలో చెప్పుకుంటూ పోయేవాణ్ణి. తెర మీద పంజాబు రైతు నోరు తెరిస్తే ముద్దనూరు రైతు మాట్లాడేవాడు. జనం విరగబడి నవ్వేవారు. నన్ను వ్యాను అయివారు, అంటే వ్యాను పంతులు, అనేవారు. సినిమా కంటే అయివారి మాటలు బాగుంటాయని వచ్చేవాళ్లు కూడా ఉండేవారు. ఆ పొగడ్త నాకు బాగా ఎక్కింది.

డైరీ రాసే అలవాటు నాకు స్కూలు రోజుల నుంచీ ఉంది. ప్రతి ఆట గురించీ మూడు విషయాలు రాసేవాణ్ణి. ఎంతమంది వచ్చారు, పూర్తికాకముందే ఎంతమంది లేచిపోయారు, పోతూ పోతూ ఏమన్నారు. పైవాళ్లు మొదటిదొక్కటే అడిగేవారు. మిగతా రెండూ నాకోసం. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు కూడా ఆ రెండూ రాసుకుంటే మంచిది. జనం రావడం దండోరా గొప్పతనం. కూర్చోవడం సినిమా గొప్పతనం.

డ్రాయింగు మాస్టరు తెచ్చిన పెట్టె

ప్రొద్దుటూరు హైస్కూల్లో నాగలింగాచారి అని డ్రాయింగు మాస్టరు ఉండేవాడు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. సెలవుల్లో మద్రాసు పోయి ఒక విదేశీ ఫిల్ము లైబ్రరీలో కూర్చునేవాడు. అక్కడ కథ లేని సినిమాలు, మాటలు లేని సినిమాలు, అసలు మనుషులే లేని సినిమాలు చూసి వచ్చి నాకు గంటలు గంటలు చెప్పేవాడు. ఒకసారి తన పూచీ మీద, తన సంతకంతో, మూడు రీళ్లు ఒక రేకు పెట్టెలో పెట్టి తెచ్చాడు.

"నీ యరువుల సినిమా అయిపోయినాక ఇది ఒకటి ఎయ్యప్పా" అన్నాడు.

"ఇది ఎవురు చూస్తారు మాస్టరూ? కథే ల్యాకపాయె."

"అట్లనా? భైరవి పాడితే తల ఊపుతావు గదా, దాంట్లో ఏం కథ ఉండాది? బొమ్మకు మాత్రం కథ కావాల్నా?"

పెట్టె వ్యానులో పెట్టుకున్నాను. ఆ మూడింట్లో అతనికి ప్రాణంతో సమానమైనది తొమ్మిది నిమిషాల సినిమా. సున్నం కొట్టిన ఒక గోడ. గోడకు ఆనించిన నిచ్చెన. గోడ మీద ఒకచోట తడి మరక. అంతే. ఎండ కదిలే కొద్దీ నిచ్చెన నీడ గోడ మీద కదులుతుంది. ఒక పూటలో జరిగేది మూడు నాలుగు నిమిషాల్లో జరిగిపోతుంది. పొడుగాటి నీడ పొట్టిదవుతుంది, మళ్లీ పొడుగవుతుంది. ఇలా రెండుసార్లు అయ్యాక మూడోసారి నీడ అవతలి పక్కకు వాలిపోయి సినిమా ముగుస్తుంది. శబ్దం లేదు.

మొదట ప్రొద్దుటూరులో, మగ్గాల వీధిలో వేశాము. రెండు నిమిషాలు కాకముందే వెనక నుంచి ఒకాయన "సార్, ఈరో నిచ్చెన దిగేది ఎప్పుడు?" అని అరిచాడు. ఇంకొకాయన "ఈరోయిన్ను పైనుండాదేమో, దిగడంట లే మామా" అన్నాడు. నవ్వులు. సగం మంది లేచారు.

నాకు తల కొట్టేసినట్టయింది. మరుసటి వారం మైకు అందుకున్నాను. "ఇదిగో తెల్లవారింది. కూలీ పనికి వచ్చినాడు. పొద్దెక్కింది. ఇదిగో సాయంత్రమైంది, నీడ పొడుగైంది. రెండోరోజు మళ్లీ వచ్చినాడు. మూడోరోజు పని పూర్తయింది. చూడండప్పా, విడవకుండా మూడు దినాలు కష్టపడితే ఎంతటి పనైనా అయితాది!" అని చెప్పాను. ఒక్కరు కూడా లేవలేదు. చివర చప్పట్లు కొట్టారు.

నేను గెలిచాననుకున్నాను. నాగలింగాచారి మాత్రం తెర మడుస్తుంటే వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"సినిమా ఎవురు చూసినారప్పా ఈపొద్దు?"

"అందరూ చూసినారు గదా. కదల్ల్యా."

"నీ మాటలు ఇన్యారు. తెర మీద ఏమీ ల్యాకపోయినా కదిలేవాళ్లు కాదు. గోడను నువ్వు యరువుల సినిమా చేస్తివి."

నాకు కోపం వచ్చింది. రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. ఆ తర్వాత ఏడాది పాటు, మూడు తాలూకాల్లో, ఆ సినిమాను నా మాటలతోనే చూపించాను. నెల నెలా రిపోర్టులో కూడా "మూడు రోజుల శ్రమను చూపు చిత్రం" అని రాశాను.

జమ్మలమడుగులో నా పిరికితనం

ఆ ఏడాదిలో ఒక్కసారి ప్రయత్నించాను. జమ్మలమడుగులో, పెన్న ఒడ్డున, సాయంత్రం చీకటి పడగానే ఆట. నాగలింగాచారి అన్న మాట మనసులో తొలుస్తూనే ఉంది. సరే చూద్దామని మైకు పక్కన పెట్టాను.

ఒక నిమిషం గడిచింది. జనం నిశ్శబ్దంగానే ఉన్నారు. కానీ ఆ నిశ్శబ్దం నాకు నిప్పుల మీద కూర్చున్నట్టుంది. అంతలో ముందు వరుసలో ఒక ముసలాయన వెనక్కి తిరిగి "మైకు చెడిపోయినాదా ఏంది అయివారూ?" అన్నాడు. పాపం, నా మేలు కోరే అడిగాడు. వెంటనే మైకు లాక్కుని "ఇదిగో తెల్లవారింది" అని మొదలుపెట్టాను.

ఆరోజు డైరీలో "జనం లేవలేదు. నేనే లేచిపోయాను" అని ఉంది. నా ఉద్యోగంలో చాలాసార్లు చూశాను, జనానికి అర్థం కాదేమో అని మనం పడే భయం నిజానికి వాళ్ల గురించి కాదు. మనల్ని పనికిరాని వాళ్ల కింద జమ కడతారేమోనన్న భయం అది.

కొత్త ఆఫీసరు

హైదరాబాదు రాజధాని అయ్యాక కడపకు కొత్త ఆఫీసరు గారు వచ్చారు. కోస్తా మనిషి. చెడ్డవారు కాదు. ఫైలు మొదటి పేజీ నుంచి చదివే రకం. నా పాత రిపోర్టులన్నీ చదివి నన్ను పిలిపించారు.

"ఏవయ్యా, ఈ గోడ సినిమా ఏవిటి?"

"ప్రయోగ చిత్రం సార్."

"ఎవరి మీద ప్రయోగం? జనం మీదా?"

ఆయన ఫైలులో ఒక కాగితం మీద వేలు పెట్టారు.

"మూడు రోజుల శ్రమ అని రాశావు. కూలివాడెక్కడా కనిపించడంటున్నారే మరి? గోడ చూడాలంటే ఎవరింట్లో వాళ్లకి నాలుగున్నాయి. దానికి వ్యాను ఎందుకు, పెట్రోలు ఎందుకు? వచ్చే వారం పులివెందుల వస్తున్నాను. నా కళ్లతో చూస్తాను. చూశాక ఆ పెట్టె మద్రాసు పంపించెయ్యి. ఇకమీదట ఇలాంటివి మన వ్యానులో ఎక్కడానికి వీల్లేదు."

ఆయన నిర్ణయం అప్పటికే అయిపోయింది. పులివెందుల ఆట దానికి కర్మకాండ. ఆ పెట్టె వెనక్కిపోతే మళ్లీ రాదు. నాగలింగాచారి వ్యాను మీద భరోసాతోనే పూచీ సంతకం పెట్టాడు. వ్యాను లేకపోతే రీళ్లు ఇచ్చేది లేదని లైబ్రరీ వాళ్లు ముందే చెప్పారు. మూడు తాలూకాల్లో అలాంటి సినిమా తెర మీద పడే దారి ఇదొక్కటే.

ఈ సంగతి చెప్పడానికి ప్రొద్దుటూరు వెళ్లాను. తిడతాడనుకున్నాను. అతను చాక్‌పీసు పొడి అంటిన వేళ్లను దులుపుకున్నాడు.

"పోతే పోనీలేప్పా" అన్నాడు. "పోయేది ఎట్లాగూ పోతాది. పోయే ముందు ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఉన్నది ఉన్నట్టు చూపించు. నీకు దండం పెడతా."

నాకంటే పెద్దవాడు ఆ మాట అన్నాడు. సరేనన్నాను.

గోదాము

ఆఫీసరు గారు చీకటి పడకముందే కడప చేరుకోవాలన్నారు. కాబట్టి ఆట మధ్యాహ్నమే జరగాలి. పులివెందులలో ఒక శెనక్కాయల గోదాము అడిగి తీసుకున్నాం. పంట అమ్ముడుపోయి ఖాళీగా ఉంది. నేనూ దస్తగిరీ పొద్దున్నుంచి కిటికీలకు గోతాలు కొట్టి వెలుతురు రాకుండా మూశాం. ఎండాకాలం. లోపల కొలిమి మాదిరి ఉంది. అయినా లింగాల వైపు నుంచి కూడా బండ్లు కట్టుకుని వచ్చారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క నేల మీద కూర్చున్నారు. ఆఫీసరు గారికి కుర్చీ. నాగలింగాచారి సెలవు పెట్టి వచ్చి గుమ్మం దగ్గర గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ముందు ఎరువుల సినిమా వేసి, మామూలుగా మైకులో చెప్పాను. నవ్వారు. తర్వాత గోడ రీలు ఎక్కించాను. మైకు తీసి దస్తగిరి చేతికిచ్చాను.

"ఇది తీస్కపోయి వ్యానులో పెట్టి తాళమెయ్యి. నేనడిగినా ఇయ్యొద్దు."

"మీరడిగితే ఎట్ల ఇయ్యకుండ ఉండేది సార్?"

"తాళం పోయిందను."

దస్తగిరి నా మొహం చూసి, మైకు తీసుకుని వెళ్లాడు.

తెర మీద గోడ పడింది. నిచ్చెన నీడ ఎడమ పక్కకు పొడుగ్గా వాలి ఉంది. మొదటి నిమిషంలో ఎవరో అననే అన్నారు. "ఏంది సామీ, సున్నం కొట్టేది నేర్పిస్తాండారా?" నవ్వులు. ఆఫీసరు గారు కూడా నవ్వి, వాచీ చూసుకున్నారు. నా చేతులు మైకు కోసం వెతుక్కున్నాయి. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడ్డాను.

నీడ పొట్టిదై నిచ్చెన కిందికి వచ్చింది. మళ్లీ పొడుగవడం మొదలైంది. ఇక్కడే నేను ఏడాదిగా "సాయంత్రమైంది" అనేవాణ్ణి.

మగవాళ్ల వైపు నుంచి ఒక రైతు గట్టిగా అన్నాడు: "ఏయ్, ఇదేంది? మాపటి నీడ ఆపక్క గదా పడాల్సింది? మళ్లా ఈపక్కకే వస్తాందే!"

"అవును మామా. పొద్దు ఎనక్కి పోతాంది" అన్నాడు పక్కవాడు.

"పొద్దు యాడన్నా ఎనక్కి పోతాదా? మిషను తప్పయ్యుంటాది."

అంతలో ఆడవాళ్లలోంచి ఒక అవ్వ లేచి నిలబడింది. ఆమె ఆ ఊళ్లో ఇళ్లకు సున్నాలు కొట్టే మనిషి అని తర్వాత తెలిసింది. చెయ్యి చాచి తెర మీద తడి మరకను చూపించింది.

"తప్పు కాదు నాయనా. ఆ తడి చూడు. ఇందాక ఆరతా ఆరతా ఇంత అయిపోయినాది. ఇప్పుడు మళ్లా పెద్దదైతాంది. ఎవురూ నీళ్లు పొయ్యల్యా. పొద్దు ఎనక్కి పోతాందంటే పోతాందే!"

గోదాములో గోల మొదలైంది. కొందరు చూశామన్నారు, కొందరు చూడలేదన్నారు. రెండోసారీ నీడ నడిమధ్యకు వచ్చి అదే పక్కకు వెనుదిరిగింది. మూడోసారి మధ్యకు వచ్చి, ఒక్క క్షణం ఆగినట్టుగా ఆగి, అవతలి పక్కకు దాటింది. రీలు అయిపోయింది.

నేను నిలబడ్డచోటే ఉండిపోయాను. మూడు రోజులు కాదు. ఒకే రోజు. ఆ సినిమా తీసినవాడు పొద్దును రెండుసార్లు మధ్యాహ్నం దాకా తెచ్చి వెనక్కి నడిపించాడు, మూడోసారి దాటించాడు. ఏడాది పాటు ఆ రీలును నా చేతులతో ఎక్కించాను, దించాను. అది నాకు కనపడలేదు. నీడ పొడుగైతే చాలు, ఏ పక్కకు పడిందో చూడకుండా సాయంత్రమని చెప్పేశాను.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "వన్స్ మోర్!"

పద్య నాటకాల్లో మంచి రాగం తీసినప్పుడు అరిచే అరుపు అది. మా సీమలో కళకు దానికి మించిన బిరుదు లేదు. వెంటనే గోదామంతా అందుకుంది. "వన్స్ మోర్! వన్స్ మోర్!" నా ఉద్యోగంలో అంతకుముందు ఎరువుల సినిమాకు గానీ ఆనకట్టల సినిమాకు గానీ ఆ మాట విని ఎరగను.

ఆఫీసరు గారు కుర్చీలోంచి లేచారు. ఆపమంటారనుకున్నాను. ఆయన నా దగ్గరకు వచ్చి నెమ్మదిగా అడిగారు.

"మూడు రోజులని రాశావు కదయ్యా రిపోర్టులో?"

"తప్పు రాసినాను సార్. ఇప్పుడే తెలిసింది."

"ఏడాది చూపించి?"

"ఏడాది మాట్లాడినాను సార్. చూడల్యా."

"వెయ్యండి మళ్లీ" అన్నారు. "నేనూ వాచీ చూస్తూ కూర్చున్నాను."

రీలు వెనక్కి తిప్పి మళ్లీ వేశాను. ఈసారి ఆ తొమ్మిది నిమిషాలూ దగ్గు కూడా వినపడలేదు. ఆఫీసరు గారు కుర్చీ వదిలి, ముందుకు పోయి, రైతుల వెనక నిలబడి చూశారు. మూడోసారి నీడ మధ్యాహ్నాన్ని దాటగానే ఆ జనం వేసిన కేక ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఏదో బండలాగుడు పందెంలో తమ ఎద్దులు గీత దాటినట్టు కేక వేశారు.

ఆ తర్వాత తలుపులు తీశాం. ఎవరూ కదల్లేదు. పొద్దు ఎందుకు వెనక్కి పోయిందని వాదనకు దిగారు. ఒకాయన "మబ్బు వస్తాదేమోనని ఎదురుచూస్తాండాడు" అన్నాడు. ఇంకొకాయన "మద్దేనం దాటాలంటే ఎవురికైనా జంకే గదప్పా, యాభై దాటినోణ్ణి, నాకు తెల్సు" అన్నాడు. సున్నాల అవ్వ ఇద్దర్నీ కొట్టిపారేసింది.

"అదేం కాదు. నిచ్చెన ఎక్కాల్సినోడు ఒకడుండాడు. మనకు కనపడ్డంల్యా. ఎక్కేదా, వద్దా అని తేల్చుకోలేక చస్తాండాడు. మూడోసారి ఎక్కినాడు, పొద్దు దాటింది."

ఆఫీసరు గారు ఆమె దగ్గరకు వెళ్లి, "ఎక్కినట్టు నీకెలా తెలిసిందమ్మా?" అని చాలా మర్యాదగా అడిగారు.

"నువ్వు దినామూ గోడల మీద బతికింటే నీకూ తెలిసుండు సామీ" అంది.

ఆయన నవ్వి చేతులు జోడించారు.

నేను నాగలింగాచారి వైపు నడిచాను. "నీకు ముందే తెలుసునా?" అని అడిగాను.

"యాడిది! మద్రాసులో నాకూ మూడు దినాలే అనిపించినాది. సూటేసుకున్నోళ్లందరం వరసగా కూచోని మూడు దినాలనే అనుకుంటిమి." అతను నవ్వుతూనే ఉన్నాడు, కళ్లు మాత్రం తడిసి ఉన్నాయి. "ఇంక ఈ పెట్టె మద్రాసుకు పోయినా నాకు బాధ ల్యాదప్పా."

పెట్టె మద్రాసుకు పోలేదు. జీపు ఎక్కబోతూ ఆఫీసరు గారు నన్ను పిలిచి, నెలకొక ఆట ఇలాంటి సినిమాలకే కేటాయించి, మూడు ఊళ్లలోనూ వేయమన్నారు. "ఎరువులతో కలపకండి. విడిగా వేయండి" అన్నారు. వారంలోపే కాగితం కూడా వచ్చింది.

తర్వాత

ఆ కబురు నాకంటే ముందు జమ్మలమడుగు చేరింది. అక్కడ వేసినప్పుడు, పెన్న ఒడ్డున మైకు చెడిపోయిందా అని అడిగిన ముసలాయన కనపడ్డాడు. "నీడ తప్పు పక్కకు పడతాందని అప్పుడే అనుకుంటి అయివారూ" అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీరు మైకులో మాపటేల అని చెప్తాంటిరి గదా, సర్కారు మాట, మనకెందుకులే అని ఊరికుంటి" అన్నాడు. ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంకేం మరిచినా ఈ మాట మరవకండి. జనానికి కళ్లు లేక కాదు, మన గొంతు పెద్దదై వాళ్లు చూసింది వాళ్లే నమ్మలేదు.

ప్రొద్దుటూరు ఆట ఆ నెలలో ఆఖరిది. మొదటిసారి ఈరో ఎప్పుడు దిగుతాడని వెక్కిరించిన మగ్గాల వీధిలోనే తెర కట్టాం. చెప్పడానికి నాకేమీ లేదు. ప్రొజెక్టరు దస్తగిరికి అప్పజెప్పి, ఇన్నేళ్ల ఉద్యోగంలో తొలిసారి జనం మధ్య చాప మీద కూర్చున్నాను. గోడ పడింది. నీడ కదిలింది. అందరూ చూస్తున్నారు.

మూడోసారి నీడ మధ్యకు వస్తుండగా పక్కన కూర్చున్న నేతగాడు మోచేత్తో నన్ను పొడిచాడు. పులివెందులలో వాళ్ల చుట్టాలు చెప్పారట, అతనికి అంతా ముందే తెలుసు.

"సార్, సార్, ఇప్పుడు చూడండి, ఇప్పుడు దాటతాది."

"నువ్వు చెప్పొద్దప్పా" అన్నాను. "నన్ను చూడనీ."